దారుశిల్పి: ఏటికొప్పాక లక్కబొమ్మల చరిత్ర

మన దేశమున శిల్పచరిత్ర యనగా రాతిచరిత్రయే యని తోచునట్లు మన గ్రంథములు వ్రాయబడినవి. రాజు పేరు రాతిమీద నున్నది. గుడి రాతితో కట్టబడినది. కావున చరిత్రకారుడు రాతినే చదివెను. చోడవరము ప్రాంతమువారికి అనకాపల్లి దాపున శంకరము గ్రామమునందలి బొజ్జన్నకొండ తెలియనిది కాదు. కొండను తొలిచి మలచిన గుహలును, ఏకశిలాస్తూపములును అచ్చట గలవు. 1906లో అలెగ్జాండరు రీ యను పురావస్తుశాఖాధికారి త్రవ్వకములు ప్రారంభించుటతో ఆ కొండకు చరిత్రమున స్థానము కలిగినది. అంతవరకు గొఱ్ఱెలకాపరులకు నీడయిచ్చిన కొండ అటుపిమ్మట పండితులకు ప్రమాణమైనది. రాయి వేయేండ్లు మాటాడకుండినను, అడిగిన దినమున సమాధానము చెప్పగలదు.

కొయ్య యట్లు చెప్పలేదు. అయినను రాతికంటె ముందు మనుష్యుని చేతికి లొంగినది కొయ్యయే. ఇందుకు సాక్ష్యము రాతియే యిచ్చుచున్నది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలోని గుండ్రని చైత్యగృహమున నిలిచి తలయెత్తి చూచినచో, కప్పున వాసములవంటి చాళ్ళు చెక్కియుండుట కనబడును. కొండను తొలిచిన గుహకు వాసములతో పనియేమి? ఆ కప్పు వాసములమీద నిలుచునది కాదు గదా! కొయ్యతో ఇండ్లు కట్టుట యెరిగినవారు రాతిని తొలుచునపుడు తమకు తెలిసిన రూపమునే అందు చెక్కిరి. కొయ్యపనివాడు రాతిపనివానికి గురువు. శిష్యుని పని యిప్పటికి నిలిచియున్నది. గురువు పని మట్టిలో గలిసినది.

కొయ్యకు శత్రువులు పెక్కండ్రు. వాన, చెద, నిప్పు, అన్నిటికంటె మన యజాగ్రత్త. ద్వారబంధముపై చెక్కిన చిలుకలు, దేవుని ఊరేగించు హంసవాహనము, గరుడవాహనము, రథము చుట్టునుండు బొమ్మలు, ఇవన్నియు దారుశిల్పములే. ఇవి కొన్ని తరములలో శిథిలమగును. ఊరివారు చందాలు వేసికొని క్రొత్తవి చేయింతురు. చందా యిచ్చినవారి పేర్లు గోడమీద రంగుతో వ్రాయింతురు. ఉలి పట్టినవాని పేరు ఎవరును వ్రాయించినట్లు మేము చూడలేదు.

ఈ ప్రాంతమొకప్పుడు కళింగమున చేరియుండెను. కావున పూరీ జగన్నాథుడు ఇచ్చటివారికి పరాయిదేవుడు కాడు. ఆయన మూర్తి వేపకొయ్యతో చేయబడును. 1996లో నొకసారి, 2015లో నొకసారి నవకళేబరోత్సవము జరిగి, పాతమూర్తులను కోయిలి వైకుంఠమను చోట భూస్థాపితము చేసి, క్రొత్తమూర్తులను చెక్కి నిలిపిరి. రాతిదేవుడైన నిట్టి యుత్సవమే యుండదు. దీనియందలి భక్తివిషయమును భక్తులకే విడిచి, పనివాని కన్నుతో చూచినచో నొక విశేషము గోచరించును. కొయ్య చెడునని పెద్దలకు తెలియును. చెడనీయకుండుట వారు తలపెట్టలేదు. చెడిన వెనుక మరల చేయగల మనుష్యులు ఎల్లప్పుడును ఉండునట్లు ఏర్పాటు చేసిరి. రాతిశిల్పము నిలుచుటకు విగ్రహము చాలును. దారుశిల్పము నిలువవలెనన్నచో నేర్చిన చేయి తరతరమునకును ఉండితీరవలెను. ఆ చేయి యొక తరము ఊరకుండెనా, ఆ విద్య పోయినట్లే.

అట్లు పోయిన విద్యకు మన విశాఖపట్టణమే యుదాహరణము. 18వ శతాబ్దమున ఈ రేవుపట్టణపు వడ్రంగులు కొయ్యలో దంతము పొదుగుటయందు సాటిలేనివారు. 1756లో ఇచ్చటికి వచ్చిన మేజరు జాను కార్నెయిల్ అను నాంగ్లేయ సైనికోద్యోగి యీ పనిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసియున్నాడు. దొరలు ఇంగ్లండునుండి తెచ్చిన నమూనాలు చూపగా, మనవారు చేవకొయ్యతో కుర్చీలు, బల్లలు, వ్రాతపెట్టెలు చేసి వానిపై దంతపు లతలు పొదిగిరి. దంతముమీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. దూరమునుండి చూచినచో సిరాతో వ్రాసిన చిత్రమువలె కనబడును. ఆ కుర్చీలు కొన్ని నేడు లండనునందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. వానిప్రక్క నంటించిన చీటిలో ఊరిపేరు గలదు, కొయ్యపేరు గలదు, కాలము గలదు. పనివాని పేరు లేదు.

19వ శతాబ్దమునకు పెద్ద సామానులు తగ్గి, గంధపుచెక్కపై దంతము తాపిన చిన్నచిన్న పెట్టెలు మిగిలినవి. దొరలు పోయిరి, కొనువారు పోయిరి. 1989లో ఏనుగుదంతపు వ్యాపారమును దేశదేశములవారు కూడి నిషేధించిరి. ఏనుగు బ్రతుకవలెనన్నచో ఆ నిషేధము న్యాయమే. దానిని మేము ఆక్షేపింపము. కాని ఆ పనికి అంతకు చాలకాలము పూర్వమే క్షయరోగము పట్టినది. ఏలయన, ఆ కుర్చీలలో ఇచ్చటి మనుష్యు డొక్కడును కూర్చుండలేదు. దొరయింటికొరకు పుట్టిన విద్య దొరతోనే ఓడయెక్కినది.

అదే జిల్లాలో, అదే లక్కతో, అదే వడ్రంగము తెలిసిన చేతులతో మరియొక విద్య నిలిచినది. అది దొరలయిండ్లలో గాక మన పిల్లల చేతులలో పెరిగినది.

చోడవరమునకు దక్షిణముగా, సముద్రమువైపు, యలమంచిలి దాపున వరాహానది యొడ్డున ఏటికొప్పాక గలదు. 2022లో జిల్లాలను విభజించినపుడు చోడవరమును ఏటికొప్పాకయు విశాఖపట్టణము జిల్లానుండి వేరై అనకాపల్లి జిల్లాలో చేరినవి. అయినను లోకమునకు ఆ బొమ్మలు విశాఖబొమ్మలుగనే తెలియును. ఇది చెరకుపండు నేల. చోడవరమునకు గోవాడ చక్కెర కర్మాగార మెట్లో, ఏటికొప్పాకకు 1933లో స్థాపింపబడిన సహకార చక్కెర కర్మాగార మట్లు. మన దేశమున చక్కెరపరిశ్రమలో సహకారపద్ధతికి అది తొలియడుగులలో నొకటి. చెరకు పండించువారు కూడి తమ సరకునకు తామే యజమానులు కావచ్చునని నిరూపించిన ఊరిలోనే బొమ్మలు చేయువారును ఉండుట గమనింపదగినది. వారి సంగతి పిమ్మట చెప్పెదము.

మొదట కొయ్యసంగతి. ఈ బొమ్మలకు అంకుడుకొయ్య యాధారము. అంకుడు పెద్ద వృక్షము కాదు. కొమ్మ విరిచినచో పాలు కారును. కొయ్య తెల్లగ, మెత్తగ, సన్ననిపోగుతో దంతమును తలపించుచుండును. దీని శాస్త్రీయనామమునందు రంగులద్దుటకు పనికివచ్చునదని యర్థమిచ్చు మాట యొకటి చేరియున్నది. పూర్వము దీని యాకులనుండి నీలిరంగు తీయువారట. కన్నడదేశమున చెన్నపట్టణము బొమ్మలకును ఇదే చెట్టు. ఈ రెండూళ్ళును ఒకదానికొకటి ఎంతయో దూరమున నున్నను, తరిమెనయు లక్కయు కూడినచోట మనుష్యులు అడవిలో వెదకి యొక చెట్టునే పట్టుకొనుట విచిత్రము.

కొట్టితెచ్చిన కొమ్మలను వెంటనే వాడరాదు. బెరడు తీసి, నీడను చాలదినము లారనిత్తురు. పచ్చికొయ్యపై లక్క పట్టించినచో కొయ్య యెండి కుదించుకొనును. లక్క కుదించుకొనదు. బొమ్మ మెడ చుట్టును సన్నని పగులు పుట్టును. కాలమును ఆదాచేయబోయినవాని బొమ్మ వానినే పట్టియిచ్చును.

ఆరిన కొయ్యముక్కను తరిమెనకు బిగింతురు. తరిమెన యనగా కొయ్యను గిరగిర త్రిప్పు సాధనము. నేడు లేతు మిషను అని వ్యవహరింతురు. పూర్వము వింటివంటి కఱ్ఱకు త్రాడు కట్టి లాగి చేతితో త్రిప్పెడివారు. కరెంటు వచ్చినపిమ్మట మోటారు త్రిప్పుచున్నది. తిరుగుచున్న కొయ్యకు ఉలి నానించినంతట పొట్టు రిబ్బనువలె లేచును. లోపలినుండి ఆకారము బయల్పడును. ఇందు కొలబద్ద లేదు. కంటికొలతయు చేతికొలతయే. ఒక జత బొమ్మలు చేయునపుడు రెండవదాని నడుము మొదటిదాని నడుమంత యుండవలెను. ఉలి యొక్క వెండ్రుకవాసి అధికముగా దిగెనా, దానిని మరల పూడ్చుట బ్రహ్మతరము కాదు. మట్టితో పనిచేయువాడు తప్పిన దానిని మరల ముద్దచేసికొనవచ్చును. దారుశిల్పికి ఆ యవకాశము లేదు.

పిమ్మట లక్క. లక్క యన మనవారికి భారతకథలోని లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చును. అది కొన్ని చెట్ల కొమ్మలపై నొకజాతి పురుగు స్రవించు బంక. దానిని కరగించి, రంగు కలిపి, కడ్డీలుగా చేసియుంతురు. ఆకారము తీరిన బొమ్మ యింకను తిరుగుచుండగనే యీ కడ్డీని దానికి అదిమిపట్టుదురు. ఒరపిడిచే వేడి పుట్టును; ఆ వేడికి లక్క కరిగి కొయ్యను పట్టుకొనును. కుంచె లేదు, పొయ్యి లేదు. తుదకు మొగలియాకుతో నొత్తినచో లక్క సమముగా పరచుకొని అద్దమువలె మెరయును. కొయ్య తిరుగుట నిలుచునప్పటికి చెక్కుటయు, రంగువేయుటయు, మెరుగుపెట్టుటయు ముగిసియుండును. రంగు కొయ్యను గట్టిగా పట్టుకొనియుండును. 

ఇట్లు చేసిన వస్తువులలో తెలుగింటికి మిక్కిలి తెలిసినవి లక్కపిడతలు. పొయ్యి, కుండ, గిన్నె, తిరుగలి, రోలు, రోకలి, ఇంటియందలి వస్తువులన్నియు బొటనవ్రేలంత. బొంగరములు, గిలకలు, కుంకుమభరిణెలు వేరు. ఇచ్చట నొకమాట చెప్పక విడువజాలము. ఆడపిల్లకు లక్కపొయ్యియు, మగపిల్లవానికి లక్కబండియు కొనియిచ్చు తలిదండ్రులు ఆ దినముననే వారిద్దరి భవిష్యత్తును పంచిపెట్టుచున్నారు. తప్పు బొమ్మది కాదు. పిల్లలిద్దరికిని రెండును ఇచ్చి చూచినచో ఎవరు దేనిని తీసికొందురో తెలియును.

పిడతలనుండి మనుష్యరూపమునకు పోవుటయే ఈ విద్యయందలి కష్టము. తరిమెనకు తెలిసిన ఆకారము గుండ్రము మాత్రమే. మనుష్యుని శరీరము గుండ్రము కాదు. ముక్కు ముందునకు వచ్చును, చేతులు ప్రక్కలకు పోవును, మోకాలు మడతపడును. ఉలితో నాలుగువైపుల చెక్కు శిల్పికి ఇవన్నియు సాధ్యము. కొండపల్లివారి పద్ధతి అది. వారు తెల్లపొణికి కొయ్యను తీసికొని, తల, మొండెము, కాలుసేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేయుదురు. కావుననే కొండపల్లి బొమ్మలలో తాడిచెట్టెక్కు గీతగాడు, అంబారీ యేనుగు, దశావతారములు, ఊరిబ్రతుకంతయు కదలుచున్నట్లు కనబడును. సంక్రాంతి బొమ్మలకొలువులో వానికే పెద్దపీట.

ఏటికొప్పాక శిల్పి వేరుదారి పట్టెను. మనుష్యునియందు గుండ్రమైనది ఏమేమి యున్నదని అతడు వెదకెను. తల గుండ్రము. కొప్పు గుండ్రము. మెడ, గాజుల ముంజేయి, కుచ్చెళ్ళు పోసిన చీరయంచు, తలపాగా, గుమ్మడివంటి బొజ్జ, ఇవన్నియు తరిమెనకు లొంగునవే. మిగిలినదానిని విడిచెను. చేతులు కావలెనన్న వేరుగా పట్టి చిన్న చీలతో బిగించెను. కన్ను, బొట్టు, మీసము చుక్కలతోను గీతలతోను సూచించెను. రాజు, రాణి, పెండ్లికొడుకు, పెండ్లికూతురు, వీణ వాయించు స్త్రీ, వేంకటేశ్వరుడు, జగన్నాథుడు ఈ విధముగా పుట్టిరి. జగన్నాథుని రూపమే యీ పద్ధతికి మిక్కిలి యనుకూలమని మాకు తోచుచున్నది. ఆయన కన్నులును గుండ్రములే, కాలుసేతులు సంపూర్ణముగా చెక్కవలసిన పనియు లేదు.

దీనిని కొందరు శిల్పమనుటకు సందేహింతురు. ఆటవస్తువు కావున బొమ్మ యందురు. మా యభిప్రాయము వేరు. విడువదగినదేదో తెలిసి విడుచుట శిల్పమునందు కడపటి పాఠము. అజంతా చిత్రకారునకు గాని, అమరావతి శిల్పికి గాని ఇంతకంటె వేరైన పరీక్ష లేదు. రెండంగుళముల కొయ్యలో, ముక్కు చెక్కకయే, ఈమె పెండ్లికూతురు, తల కొంచెము వంచియున్నది, అని చూపరికి తోపింపగలవాడు శిల్పి కానిచో మరి యెవడు శిల్పి?

20వ శతాబ్దమున ఈ విద్యకు పెద్ద గండము రంగుల రూపమున వచ్చినది. పూర్వము లక్కకు కలుపు రంగులు చెట్లనుండియు గింజలనుండియు వచ్చినవి. బజారులో డబ్బాలలో రసాయనపు రంగులు చౌకగా దొరకుటతో, చిటికెడు పొడిలో మండుచున్న ఎరుపు, కన్నుచెదరు పచ్చ లభించెను. పనివాడు దానినే పట్టుకొనెను. అతనిని నిందించుట సులభము. ఆకులు ఉడుకబెట్టి వడియగట్టు దినములకు కూలి యిచ్చువా రెవ్వరు? కాని యట్టి రంగులలో కొన్నిట సీసము మొదలగు విషలోహము లుండును. సీసము పసిబిడ్డ యొడలిలో కొంచెము చేరినను మెదడునకు చెరుపు. బిడ్డ నోటబెట్టుకొనుటకే పుట్టిన వస్తువులో విషము చేరుటకంటె విపరీత మేమి గలదు?

ఈ దశయందు పనికి పూనుకొన్నవారు ఆ యూరివారైన సి. వి. రాజుగారు. వీరు వ్యవసాయ కుటుంబమునుండి వచ్చినవారు. వరాహానది ప్రాంతమున దొరకు చెట్ల వేళ్ళు, బెరళ్ళు, ఆకులు, గింజలు పరీక్షించి, వానినుండి తీసిన రంగులు లక్కతో కలిసి నిలుచు విధమును కనుగొనుటకు వీరు అనేక సంవత్సరములు వెచ్చించిరి. జాఫ్రాగింజలనుండి కాషాయపు ఎరుపు, పసుపుకొమ్మునుండి పసుపు, నీలిమొక్కనుండి నీలము, ఆ రెండును కలిపి ఆకుపచ్చ. చెప్పుటకు సులభమే. బట్టకు పట్టిన రంగు లక్కకు పట్టదు. నీటిలో దిగు రంగు లక్కలో కరగదు; కరగినది తరిమెన వేడికి మాడును. ఒక్కొక్క రంగును లక్కకు మచ్చిక చేయుట ఒక్కొక్క తపస్సు. ఈ రంగులు కన్నుచెదరునవి కావు. కొంచెము మెత్తగ, మట్టివాసన వేయునట్లుండును. ఆ మెత్తదనమునే ఇతరదేశస్థులు మెచ్చి కొనిరి.

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళికగుర్తింపు లభించినది. 2020 ఆగస్టు 30వ తేదీని ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు ఆకాశవాణి ప్రసంగమున రాజుగారిని పేర్కొని, ఈ బొమ్మలకు ఎచ్చటను కోణములు లేవనియు, పిల్లలకు గ్రుచ్చుకొనవనియు చెప్పిరి. తరిమెన పెట్టిన నిర్బంధమే తుదకు బొమ్మకు గుణమైనది! 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముమీద ఈ బొమ్మలే మనుష్యప్రమాణమును మించి ఊరేగినవి. ఆ శకటమునకు మూడవ బహుమతియు వచ్చినది.

ఈ గౌరవములకు మేము సంతోషించుచున్నాము. అయినను ఒక భేదమును గమనింపవలెను. భౌగోళికగుర్తింపు ఊరిపేరును కాపాడును, మనిషిపేరును కాపాడదు. వేరొక ఊరివాడు తన సరకును ఏటికొప్పాకదని యమ్మరాదు, అంతవరకే. అంగడిలో నొక రాణిబొమ్మను తీసికొని అడుగువైపు చూచినచో, తరిమెన దానిని పట్టుకొనిన చోట చిన్న గుర్తొకటి కనబడును. చేసినవాని సంతకము ప్రస్తుతమునకు అదియే. లండనులోని దంతపు కుర్చీకిని, మన కొలువులోని రాణికిని ఈ విషయమున భేదము లేదు. వెలచీటి యంటించు చోటనే పేరుచీటియు అంటించుటకు ఎంత ఖర్చగును? చెరకురైతు 1933లోనే సంఘముగా కూడి తన సరకునకు వెల నిర్ణయించుకొనజూచిన ఊరిలో, బొమ్మల వెలయు చేసినవారి చేతిలోనే యుండుట న్యాయము.

2021 జనవరి 1వ తేదీనుండి మన దేశమున అమ్ము ఆటవస్తువులకు ప్రమాణముద్ర యుండవలెనని ప్రభుత్వము శాసించినది. నమోదయిన హస్తకళాకారులకును, భౌగోళికగుర్తింపు పొందిన వస్తువులకును ఆ నిబంధననుండి మినహాయింపు నిచ్చిరి. పరీక్షారుసుములు కట్టలేని పనివానికి ఇది ప్రాణదానమే. కాని తల్లులు దీనియందలి రెండవవైపును చూడవలెను. ముద్రలేని బొమ్మను బిడ్డకిచ్చునపుడు మనకున్న హామీ ఆ పనివాని మాట యొక్కటియే. వెలలో నాలుగురూపాయలు తగ్గింపుమని మనము బేరమాడునపుడు, ఆ నాలుగురూపాయలు ఎచ్చటనుండి తగ్గునో తెలియవలెను. కొయ్య వెల తగ్గదు. కరెంటు వెల తగ్గదు. తగ్గునది రంగు వెలయో, వానికూలియో.

నేడు స్త్రీలును తరిమెనకడ కూర్చుండి పనిచేయుచున్నారు. త్రాడులాగు శ్రమను మోటారు తీసికొనుట ఇందుకు తోడ్పడినది. తాతతండ్రులు వడ్రంగులు కానివారును నేర్చుచున్నారు. విద్య యొక కులపువాకిలి దాటి వచ్చుట మంచిశకునము. పనివారి బిడ్డలలో చదువుకొనినవారు పట్టణములకు పోవుచుండుటయు నిజమే. వారిని పోవలదనుటకు మనకు హక్కు లేదు. మన బిడ్డలను పంపుచు వారి బిడ్డలను తరిమెనకు కట్టివేయవలెనని కోరుట యే నీతి?

అంతకంటె పెద్ద చిక్కు అంకుడుకొయ్యది. ఊరిచుట్టును దొరకిన కొయ్య తరిగిపోయి, నర్సీపట్నమువైపు అడవులనుండి తెచ్చుకొనవలసివచ్చినది. అంకుడునకు వాణిజ్యవృక్షములలో స్థానము లేదు. టేకువలె దానిని నాటినవారు లేరు. అయినను ఈ చెట్టునకు ఒక మంచిగుణము గలదు. మొదలంట పెకలింపక, మోడు విడిచి నరికినచో మరల చిగుర్చును. ఆ చిగుళ్ళను మేకలు తినకుండ కాచినచో, కొన్ని యేండ్లకు ముంజేతి లావున నిటారైన కొమ్మ లెదుగును. తరిమెనకు కావలసినది అంతటి కొమ్మయే, మహావృక్షము కాదు. చెరకుతోట గట్లమీదను, చెరువుగట్లమీదను, పాఠశాలల యావరణలలోను ఇది పెరుగగలదు. వరాహానది యొడ్డున ఇసుకలో కలిసిన మన్ను దీనికి సరిపోవును. విత్తనములు సన్నని జంటకాయలలో నుండును. కాయ యెండి పగిలినపుడు దూదివంటి కుచ్చుతో గాలికెగిరిపోవును గనుక, పగులకమునుపే కోసి యుంచుకొనవలెను.